కథలో వ్యాకరణం, గోడ మీద చరిత్ర

ఉన్నత స్థాయి స్పానిష్‌కు సాహిత్యం, చిత్రకళ, జనసంస్కృతే అసలైన పాఠ్యపుస్తకాలు

మెక్సికో నగరం నడిబొడ్డున విద్యామంత్రిత్వ శాఖ పాత భవనం ఉంది. విశాలమైన ముంగిళ్ల చుట్టూ మూడంతస్తులుగా సాగే అక్కడి వరండాల గోడలను దియేగో రివేరా 1923 నుంచి 1928 వరకు కుడ్యచిత్రాలతో నింపాడు. పై అంతస్తు గోడ మీద ఎర్రచొక్కా తొడుక్కున్న ఒక యువతి కార్మికుల నడుమ నిలబడి తుపాకులు పంచుతూ కనిపిస్తుంది. ఆమె అప్పటికి ఇంకా పేరు రాని చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో. ఆ జనం తలల మీదుగా ఒక చిత్రం నుంచి మరొక చిత్రానికి రిబ్బను లాంటి పట్టీ సాగిపోతుంది, దాని నిండా అక్షరాలుంటాయి. అవి 'కొరీదో' పాదాలు. యుద్ధాలను, తిరుగుబాట్లను, వీరుల చావులను కథగా అల్లి, వీధుల్లోనూ సంతల్లోనూ పాడుతూ ఊరూరికీ చేరవేసిన మెక్సికన్ జానపద కథాగేయానికే కొరీదో అని పేరు.

వ్యాకరణం చదువుకున్న విద్యార్థి ఆ పట్టీ మీది ప్రతి పదాన్నీ చదవగలడు. అయినా ఆ పాట ఏ విప్లవాన్ని కీర్తిస్తోందో, ఎవరిని వెక్కిరిస్తోందో, రైతు నోటి మాటను ప్రభుత్వ భవనం గోడకు ఎందుకు ఎక్కించారో తెలియనంతకాలం ఆ పదాలు అతనికి సగమే పలుకుతాయి. 1921లో విద్యామంత్రి అయిన హోసే వాస్కాన్సెలోస్ చదువురాని ప్రజలు ఎక్కువగా ఉన్న దేశంలో గోడల ద్వారా చరిత్ర చెప్పించాలని చిత్రకారులను పిలిచాడు. నూరేళ్ల తర్వాత అవే గోడలు విదేశీ విద్యార్థులకూ ఒక పాఠం చెబుతున్నాయి: ఒక భాషలో పై మెట్టు ఎక్కాలనుకునేవారు దాని పదాలతో పాటు, ఆ భాష మాట్లాడే జనం ఉమ్మడిగా గుర్తుంచుకున్న కథలను, బొమ్మలను, పాటలను కూడా నేర్చుకోవలసి ఉంటుంది.

స్పానిష్ ఇప్పుడు ప్రపంచమంతటా చర్చలో ఉన్న భాష. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. 20 దేశాల్లో అధికార భాష. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఒకటి. బ్యాంకు దొంగల కథగా మొదలైన 'లా కాసా దె పాపెల్' (మనీ హైస్ట్) ఓటీటీలో కొల్లగొట్టిన ఆదరణ తరువాత, గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ నవల 'నూరేళ్ల ఏకాంతం' కొలంబియాలోనే, స్పానిష్‌లోనే చిత్రీకరణ జరుపుకొని, 2024 డిసెంబరులో ధారావాహికగా తెరకెక్కింది. హువాన్ రూల్ఫో నవల 'పేద్రో పారమో' కూడా అదే ఏడాది సినిమాగా వచ్చింది. ఫోన్‌లోని యాప్‌ల సాయంతో పలకరింపులు నేర్చుకున్న లక్షలాది మంది ఇలాంటి రచనల ముందు నిలబడినప్పుడు, ఇక్కడి నుంచి ముందుకు ఎలా సాగాలన్న ప్రశ్న ఎదురవుతోంది.

మధ్యలో ఆగిపోయే ప్రయాణం

యూరప్ మండలి 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల చట్రం ప్రకారం విదేశీ భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా లెక్కిస్తారు. ఏ1, ఏ2 మెట్లలో విద్యార్థి తన పేరు చెప్పుకోగలడు, అంగట్లో సరుకు కొనగలడు. బీ1, బీ2 మెట్లలో ప్రయాణాలు చేయగలడు, ఉద్యోగంలో నెట్టుకురాగలడు. సీ1, సీ2 మెట్లలో మాత్రం వ్యంగ్యం, ధ్వని, సూచన, హాస్యం అర్థం చేసుకొని, సందర్భానికి తగిన స్వరంలో జవాబు చెప్పగలగాలి. భాషోపాధ్యాయులు తరచుగా ప్రస్తావించే సమస్య ఏమిటంటే, మొదటి నాలుగు మెట్లూ చకచకా ఎక్కినవారు బీ2 దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోతారు. వారికి తెలియని వ్యాకరణ సూత్రాలు అప్పటికి పెద్దగా మిగిలి ఉండవు, కొత్త పదాల జాబితాలు బట్టీపట్టినా మాట మెరుగుపడదు.

ఈ ఆగిపోవడానికి ప్రధాన కారణం, పెద్దల సంభాషణలో మాటలకు నిఘంటువులోని అర్థంతో పాటు సంస్కృతి మోసుకొచ్చిన బరువు కూడా ఉండటమే. తెలుగువారు ఒకరిని 'గిరీశం' అన్నప్పుడు కన్యాశుల్కం తెలియనివారికి ఆ మాటలోని చురక అందనట్టే, స్పానిష్ వార్తాపత్రికలో 'సెలెస్తీనా', 'లసారియో', 'ఫ్వెంతె ఓవెహూనా' అన్న మాటలు కనిపించినప్పుడు సాహిత్యం చదవనివారు తడబడతారు. మొదటిది 1499 నాటి ఒక సంభాషణాత్మక రచనలో ప్రేమికుల మధ్య రాయబారం నడిపిన ముసలిదాని పేరు. నేడు అలాంటి మధ్యవర్తులందరికీ అదే పేరు. రెండోది 1554లో రచయిత పేరు లేకుండా వెలువడిన చిన్న నవలలో గుడ్డి భిక్షగాడికి దారి చూపిన పిల్లవాడి పేరు. ఇప్పుడు అంధులను నడిపించే శిక్షణ పొందిన కుక్కనూ అదే మాటతో పిలుస్తారు. మూడోది లోపె దె వేగా నాటకానికి ఆధారమైన ఊరు. అక్కడి జనం దుర్మార్గుడైన అధికారిని చంపి, హంతకుడెవరని విచారణాధికారులు హింసించి అడిగినా ఊరి పేరు తప్ప మరో పేరు చెప్పలేదు. అందుకే సమష్టి ప్రతిఘటన ఎక్కడ కనిపించినా పత్రికలు ఆ ఊరిని తలుచుకుంటాయి.

ఈ సంగతిని స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ కూడా గుర్తించింది. ప్రపంచవ్యాప్తంగా స్పానిష్ బోధన కోసం 1991లో ఏర్పడిన సెర్వాంతెస్ సంస్థ తన సవివర పాఠ్యప్రణాళికలో వ్యాకరణానికీ, పదజాలానికీ సమానంగా సాంస్కృతిక ప్రస్తావనలకు, సామాజిక ప్రవర్తనకు, సాంస్కృతికాంతర నైపుణ్యాలకు విడివిడి అధ్యాయాలు కేటాయించింది. ఒక రచయిత పేరు, ఒక పండుగ ఆచారం, భోజనాల బల్ల దగ్గరి మర్యాద ఆ లెక్కన పాఠ్యాంశాలే అవుతాయి.

నిఘంటువుకు కవులే సాక్షులు

స్పానిష్ భాషకు సాహిత్యంతో ఉన్న ముడి దాని నిఘంటువు పుట్టుకలోనే ఉంది. స్పెయిన్ రాజ అకాడమీ 1713లో ఏర్పడి, 1726 నుంచి 1739 వరకు ఆరు సంపుటాల్లో తన తొలి నిఘంటువును వెలువరించింది. ఒక పదానికి ఇదే అర్థమని పండితులు తీర్పు చెప్పి ఊరుకోకుండా, ఆ పదాన్ని వాడిన రచయితల వాక్యాలను సాక్ష్యంగా చూపడం దాని పద్ధతి. అందువల్లే అది 'ప్రమాణాల నిఘంటువు'గా పేరుపడింది. అంతకు రెండు శతాబ్దాల పైచిలుకు ముందు, 1492లో, ఆంతోనియో దె నెబ్రీహా కాస్తిలియన్ భాషకు వ్యాకరణం అచ్చువేసి ఇసబెల్లా రాణికి అంకితమిచ్చాడు. కొలంబస్ అట్లాంటిక్ దాటిందీ ఆ సంవత్సరమే. స్పానిష్ అమెరికా ఖండాలకు చేరింది ఆక్రమణదారుల భాషగానే అన్న సత్యాన్ని పక్కన పెట్టి ఆ సాహిత్యాన్ని చదవడం సాధ్యం కాదు.

ఇద్దరు బాటసారులు, రెండు భాషలు

1605లో మొదటి భాగం, 1615లో రెండో భాగం వెలువడిన 'దోన్ కిహోతె' నవలను (ఇంగ్లీషు దారిన వచ్చి తెలుగులో ఇది డాన్ క్విక్సోట్ అయింది) కథ కోసమే చదివేవారు ఎక్కువ. ఉన్నత స్థాయి విద్యార్థికి మాత్రం అది భాషా స్థాయీభేదాలను నేర్పే మహా పాఠశాల. ఒకే భాషలో పండితుడు ఒక రకంగా, పామరుడు మరో రకంగా, కోపంలో ఒక రకంగా, గౌరవంలో మరో రకంగా మాట్లాడటాన్ని స్థాయీభేదం అంటారు. మిగెల్ దె సెర్వాంతెస్ తన కథానాయకుడి చేత పాత వీరగాథల భాష మాట్లాడించాడు. కాస్తిలియన్‌లో ఒకప్పుడు 'ఫ' ధ్వనితో మొదలైన ఎన్నో మాటలు కాలక్రమంలో ఆ ధ్వనిని పోగొట్టుకున్నాయి. లోకమంతా 'ఎర్మొసూరా' అంటున్న అందాన్ని పిచ్చిపట్టిన ఆ యోధుడు మాత్రం 'ఫెర్మొసూరా' అంటాడు. తన కాలానికే పాతబడిన మాట పట్టుకొని వేలాడటంలో అతని పిచ్చి, పెద్దరికం రెండూ బయటపడతాయి.

అతని వెంట గాడిదనెక్కి సాగే సాంచో పాంసాకు చదువు రాదు. నోరు తెరిస్తే సామెతలు. ఒక సామెత చాలిన చోట నాలుగు గుప్పిస్తాడు, పెద్ద మాటలు పలకబోయి తప్పులు దొర్లిస్తాడు, యజమాని దిద్దితే ఎదురు వాదిస్తాడు. రెండో భాగానికి వచ్చేసరికి సేవకుడి మాటల్లో యజమాని పోకడలు, యజమాని మాటల్లో సేవకుడి సామెతలు చేరతాయి. కలిసి బతికిన మనుషుల మాటలు ఒకదానికొకటి ఎలా అంటుకుంటాయో ఏ వ్యాకరణ గ్రంథమూ ఇంత వివరంగా చూపలేదు. లెపాంతో సముద్రయుద్ధంలో ఎడమ చేతి వాడకం కోల్పోయి, తరువాత అల్జీర్స్‌లో అయిదేళ్లు బందీగా గడిపిన సెర్వాంతెస్ సైనికుల, ఖైదీల, వ్యాపారుల భాషలను చెవులారా విని ఉండటం వల్లే నవలలో ఇన్ని గొంతులు వినిపిస్తాయి.

ఏడు పదాల కథలో మూడు పాఠాలు

పెద్ద నవలతో మొదలుపెట్టిన విద్యార్థి నిఘంటువు తిరగేయడంలోనే అలసిపోతాడు. అందుకే చాలామంది అధ్యాపకులు చిన్న కథతో మొదలుపెడతారు, లాటిన్ అమెరికా సాహిత్యంలో చిన్న కథకు కొదువ లేదు. గ్వాటెమాలా రచయిత అగుస్తో మోంతెర్రోసో 1959 నాటి సంపుటిలో అచ్చువేసిన 'డైనోసార్' కథ మొత్తం ఏడు పదాలే: ఎవరో నిద్ర లేస్తారు, అప్పటికీ డైనోసార్ అక్కడే ఉంటుంది. మొదటి క్రియ ఒక్క క్షణంలో ముగిసిన గతాన్ని సూచిస్తుంది. రెండో క్రియ ముగియకుండా కొనసాగుతున్న గతాన్ని సూచిస్తుంది. స్పానిష్ నేర్చేవారిని అన్నిటికన్నా ఎక్కువ కాలం వేధించే ఈ గతకాల భేదం అక్కడ ఒక్క చూపులో బోధపడుతుంది. పైగా కర్త పేరు లేదు; క్రియా రూపం ప్రథమ పురుషను చెబుతుంది గానీ లింగాన్ని చెప్పదు. కనుక నిద్ర లేచింది పురుషుడో, స్త్రీయో, ఆ డైనోసారేనో పాఠకుడు తేల్చుకోలేడు. 'లేచాడు', 'లేచింది' అని క్రియలోనే లింగం పలికించే తెలుగుకు ఈ సందిగ్ధాన్ని ఉన్నదున్నట్టు నిలపడం కష్టం కాబట్టి, తెలుగు విద్యార్థికి ఈ కథ రెండు భాషల స్వభావాలనూ ఒకేసారి పరిచయం చేస్తుంది.

మెక్సికో రచయిత హువాన్ రూల్ఫో 1953లో ప్రచురించిన కథల సంపుటిలో ఒక ముసలి తండ్రి, గాయపడిన కొడుకును భుజాల మీద మోస్తూ, వెన్నెల రాత్రి వైద్యుడున్న ఊరి కోసం వెతుక్కుంటూ నడుస్తాడు. కుక్కల మొరుగు వినిపిస్తే ఊరు దగ్గరపడినట్టు. కొడుకు శరీరం చెవులకు అడ్డుపడటంతో తండ్రికేమీ వినబడదు, వింటున్న కొడుకు చెప్పడు. కథ మొదట్లో కొడుకును 'తూ' అని, అంటే నువ్వని పిలిచిన తండ్రి, అతడు దారి కాచి మనుషులను చంపిన సంగతి తలచుకొని మండిపడినప్పుడు 'ఉస్తెద్' అనే మర్యాద సర్వనామానికి మారతాడు. దూరం పెట్టడానికి మర్యాదను వాడటం తెలుగు ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి ఆ మార్పు తెలుగు పాఠకుడి మనసుకు సూటిగా తగులుతుంది. పాఠ్యపుస్తకం 'ఉస్తెద్' అంటే గౌరవం అని చెప్పి వదిలేస్తుంది. ఆ గౌరవంలో తండ్రి తెగతెంపులు కూడా ఇమిడి ఉండగలవని రూల్ఫో కథ చూపుతుంది.

'సుబ్‌హున్‌తీవో' విషయమూ అంతే. జరిగిన దాన్ని చెప్పే మామూలు క్రియకు భిన్నంగా కోరిక, భయం, సందేహం, ఊహ, షరతు వంటి మనోభావాల కింద వచ్చే క్రియారూపాన్ని స్పానిష్‌లో ఈ పేరుతో పిలుస్తారు. దాని సూత్రాలను పట్టికలుగా బట్టీపట్టినవారు మాట్లాడేటప్పుడు మరచిపోతారు. ఏది కలో ఏది నిజమో తేలనివ్వని హూలియో కొర్తాసార్ కథలను, వాస్తవాన్నీ ఊహనూ కలగలిపే హోర్హె లూయిస్ బోర్హెస్ 'ఫిక్సియోనెస్' (1944) కథలను చదివినవారికి మాత్రం నిజానికీ అనుమానానికీ మధ్య గీత గీసే పని క్రియదేనని అనుభవంలోకి వస్తుంది. మార్క్వెజ్ రాసిన ఒక కథలో దొంగగా కాల్చివేతకు గురైన కొడుకు సమాధికి పూలు పెట్టడానికి ఒక పేద తల్లి, చిన్న కూతురితో కలిసి మండుటెండలో రైలెక్కి వస్తుంది. ఆమె పాదిరి ముందు తల వంచకుండా పలికే పొట్టి వాక్యాలు ఆత్మగౌరవం ధ్వనించే స్పానిష్‌కు చక్కని నమూనా.

38 రచనల పరీక్ష

అమెరికా ఉన్నత పాఠశాలల్లో కళాశాల స్థాయి పాఠ్యాంశంగా బోధించే 'ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్పానిష్ సాహిత్యం, సంస్కృతి' కోర్సులో మధ్యయుగం నుంచి నేటి వరకు 38 రచనలు తప్పనిసరి. దోన్ కిహోతెలోని ఎంపిక చేసిన అధ్యాయాలు, కవి లోర్కా నాటకం, రూల్ఫో, బోర్హెస్, కొర్తాసార్, మార్క్వెజ్ కథలు వాటిలో ఉన్నాయి. పరీక్షలో రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిన ప్రశ్నలు నాలుగు. వాటిలో ఒకటి సాహిత్యాన్ని చిత్రకళతో పోల్చేది. ఒక రచనాభాగాన్నీ, ఒక చిత్రాన్నీ పక్కపక్కన ఇచ్చి, రెండింటిలో ఒకే అంశం ఎలా వ్యక్తమైందో స్పానిష్‌లోనే పోల్చి రాయమంటారు. పాఠ్యాంశాలను సమాజాల మధ్య సంపర్కం, స్త్రీపురుష భేద నిర్మాణం, కాలం–స్థలం, మానవ సంబంధాలు, వ్యక్తిలోని ద్వంద్వం, సాహిత్య సృష్టి అనే ఆరు ఇతివృత్తాలుగా విభజించారు.

బొమ్మను చదవడం

చిత్రం ముందు నిలబడిన విద్యార్థికి నిఘంటువు అక్కరకు రాదు. కనిపిస్తున్నదాన్ని తన మాటల్లో చెప్పుకోక తప్పదు. మాద్రిద్‌లోని రైనా సోఫియా మ్యూజియంలో ఉన్న పికాసో 'గెర్నీకా' దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడున్నర మీటర్లకు మించిన వెడల్పు ఉన్న నలుపు తెలుపు చిత్రం. 1937 ఏప్రిల్ 26న బాస్క్ పట్టణం గెర్నీకా మీద జరిగిన బాంబుదాడి దానికి నేపథ్యం. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఆకాశానికేసి నోరు తెరిచిన తల్లి, విలవిల్లాడుతున్న గుర్రం, దీపం పట్టుకొని కిటికీలోంచి చొచ్చుకొచ్చిన చేయి, విరిగిన కత్తి. వీటిని వర్ణించడానికి వర్తమాన క్రియలు చాలు. ఆ ఎద్దు దేనికి గుర్తో, ఆ దీపం ఆశో కాదో ఊహించడానికి సందేహార్థక రూపాలు కావాలి. స్పెయిన్ అంతర్యుద్ధం, నలభై ఏళ్లకు దగ్గరైన నియంత ఫ్రాంకో పాలన, ప్రజాస్వామ్యం వచ్చాకే ఆ చిత్రం 1981లో స్పెయిన్ చేరిన వైనం చెప్పడానికి చరిత్ర పదజాలం కావాలి. మూడు స్థాయిల భాష ఒకే చిత్రం చుట్టూ అల్లుకుంటుంది.

ఫ్రాన్సిస్కో గోయా 1799లో అమ్మకానికి పెట్టిన 80 ముద్రణాచిత్రాల వరుస 'కాప్రీచోస్' మరో రకం పాఠం. అత్తర్లు, మద్యం అమ్మే దుకాణంలో వాటిని అమ్మకానికి ఉంచారు. లంచగొండులు, మూఢ సన్యాసులు, డబ్బు కోసం జరిగే పెళ్లిళ్లు వాటిలో వస్తువులు. దాదాపు ప్రతి బొమ్మకూ ఒక పదునైన వ్యాఖ్య ఉంటుంది. 43వ చిత్రంలో బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న మనిషి వెనుక నుంచి గుడ్లగూబలు, గబ్బిలాలు ముసురుకొస్తాయి. ఆ బల్ల మీద రాసి ఉన్న వ్యాఖ్యలోని 'స్వేన్యో' అనే మాటకు నిద్ర అనీ, కల అనీ రెండర్థాలు. బుద్ధి నిద్రపోతే రాక్షసులు పుడతారా, బుద్ధి కనే కలలే రాక్షసులా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. ఒక వ్యాఖ్యకు ఇన్ని అర్థాలు చెప్పగలిగి, తన పక్షాన వాదించగలిగిన విద్యార్థి సీ1 మెట్టు ఎక్కినట్టే.

మెక్సికోలో పేరున్న కళాకారులతో పాటు పామరుల చిత్రాలూ భాష నేర్పుతాయి. ఆపద గట్టెక్కినవారు దేవుడికి కృతజ్ఞతగా చిన్న రేకు మీద ఆ సంఘటనను బొమ్మ గీయించి, కింద నాలుగు వరుసల్లో వివరం రాయించి గుడిలో సమర్పించే ఆచారం అక్కడ ఉంది. వాటిని ఎక్స్-వోతోలు అంటారు. ఫ్రీదా కాహ్లో, రివేరా వాటిని ఎంతో ఇష్టంగా సేకరించారు, ఫ్రీదా చిత్రాల్లో ఆ శైలి స్పష్టంగా కనిపిస్తుంది. 'బి', 'వి' అక్షరాలు స్పానిష్‌లో ఒకేలా పలుకుతాయి కాబట్టి, ఆ రాతల్లో అవి ఒకదాని చోట ఒకటి వచ్చేస్తాయి. బడిలో తప్పుగా లెక్కించే ఆ వర్ణక్రమం జనం నోటి ఉచ్చారణను అచ్చంగా పట్టిస్తుంది.

వెయ్యికి పైగా పుటల విన్నపం

పెరూకు చెందిన ఆదివాసీ రచయిత గ్వామన్ పోమా దె అయాలా 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌కు దాదాపు 1,200 పుటల విన్నపం రాశాడు. వలసపాలకుల దౌర్జన్యాలను 398 రేఖాచిత్రాలతో సహా వివరించిన ఆ గ్రంథంలో స్పానిష్‌తో పాటు కెచువా భాష కలిసి ఉంటుంది. ఆ రాతప్రతి 1908లో కోపెన్‌హేగన్ రాజ గ్రంథాలయంలో పరిశోధకుల కంటపడింది. గెలిచినవారి భాషను ఓడినవారు తమ ఫిర్యాదుకు ఆయుధంగా మలచుకున్న తొలినాటి గొప్ప ఉదాహరణల్లో ఇదొకటి.

ఎవరి స్పానిష్?

సాహిత్యం వైపు వెళ్లిన విద్యార్థికి త్వరలోనే తెలిసివచ్చే సంగతి, స్పానిష్ ఒకటి కాదని. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును 'వొసోత్రోస్' అంటారు. లాటిన్ అమెరికాలో ఆ సర్వనామం వాడుకలో లేదు. అర్జెంటీనాలో 'తూ' స్థానంలో 'వోస్' ఉంటుంది, దాని క్రియారూపాలూ వేరు. ఈ తేడాను నేర్పడానికి కీనో అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు 1964 నుంచి 1973 వరకు గీసిన 'మఫాల్దా' బొమ్మల కథకు మించిన పాఠం లేదు. సూప్ అంటే గిట్టని, ప్రపంచశాంతి గురించి పెద్దలను నిలదీసే ఆ చిన్నపిల్ల బ్యూనస్ ఏరీస్ ఇంటి భాష మాట్లాడుతుంది. అదే నగరపు టాంగో పాటల్లో వలసకూలీల పేటల్లో పుట్టిన 'లున్‌ఫార్దో' అనే వీధిభాష వినిపిస్తుంది. పెరూ నవలాకారుడు హోసే మరియా అర్గేదాస్ 'లోతైన నదులు' (1958) నవలలో కెచువా వాక్యపు లయను స్పానిష్‌లోకి తెచ్చాడు.

ఈ వైవిధ్యం పట్ల అగౌరవం ఎంత కోపం తెప్పిస్తుందో ఆల్ఫోన్సో కువరోన్ 'రోమా' (2018) సినిమా విషయంలో బయటపడింది. మెక్సికన్ స్పానిష్ సంభాషణలకు స్పెయిన్ ప్రేక్షకుల కోసం స్పెయిన్ స్పానిష్‌లో ఉపశీర్షికలు వేశారు. పిల్లవాడు అడిగిన 'గాన్సీతో' అనే మెక్సికో చాక్లెట్ కేకు అందులో 'గాంచీతోస్' అనే స్పెయిన్ చీజ్ చిరుతిండిగా మారిపోయింది. అర్థమయ్యే భాషను మళ్లీ అనువదించడం స్పెయిన్ ప్రేక్షకులకే అవమానమని దర్శకుడు మండిపడటంతో, 2019 జనవరిలో ఆ ఉపశీర్షికలను తొలగించారు. ఒక దేశపు చిరుతిండి పేరును కూడా కాపాడుకోవలసిన సాంస్కృతిక ఆస్తిగా భావించే జనం భాషను, ఆ చిరుతిళ్లతో సహా నేర్చుకోవలసిందే.

నోటికెక్కే నాటకం

కవి ఫెదెరీకో గార్సియా లోర్కా 1932లో విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి 'లా బర్రాకా' అనే నాటక బృందాన్ని నడిపాడు. సెర్వాంతెస్, లోపె దె వేగా, కాల్దెరోన్ నాటకాలను ఆ బృందం నాటకశాల ఎరుగని పల్లెలకు తీసుకెళ్లింది. పుస్తకంలో బరువుగా తోచే ప్రాచీన పద్యం గొంతులో పడితే సులువుగా నిలుస్తుందన్న ఆ అనుభవం భాషా తరగతులకూ వర్తిస్తుంది. అంతర్యుద్ధం మొదలైన 1936లోనే, హత్యకు గురికావడానికి కొన్ని వారాల ముందు, లోర్కా పూర్తి చేసిన 'బెర్నార్దా ఆల్బా ఇల్లు' నాటకంలో వేదిక మీద కనిపించేవారంతా స్త్రీలే. 1945లో బ్యూనస్ ఏరీస్‌లో అది తొలిసారి ప్రదర్శనకు నోచుకుంది. తల్లి ఆజ్ఞలు, కూతుళ్ల గుసగుసలు, పనిమనిషి దెప్పిపొడుపులు కలిసి ఒకే ఇంటిలో అధికార భాషకు ఎన్ని మెట్లుంటాయో చూపుతాయి. ఒక్కో విద్యార్థి ఒక్కో పాత్ర తీసుకొని బిగ్గరగా చదివితే, ఆజ్ఞార్థక క్రియలు, ఊనిక, విరామం, ఎత్తిపొడుపు వేర్వేరుగా నేర్పవలసిన పని ఉండదు.

తెలుగు నేల మీది స్పానిష్ జాడలు

బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీటీ)ని స్థాపించి, 2009లో అక్కడే కన్నుమూశాడు. కరవు సీమలో ఆ సంస్థ కట్టిన ఇళ్లు, బడులు, ఆసుపత్రుల వెనుక స్పెయిన్‌లోని వేలాది కుటుంబాల విరాళాలున్నాయి. ఆ దాతలకూ అనంతపురం పిల్లలకూ మధ్య నడిచే ఉత్తరాలు తెలుగు నుంచి స్పానిష్‌కూ, స్పానిష్ నుంచి తెలుగుకూ మారే క్రమంలో ఎందరో స్థానిక యువతీయువకులు అనువాదకులుగా తయారయ్యారు. హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) స్పానిష్‌ను భాషగానూ, సాహిత్యంగానూ బోధిస్తోంది. న్యూఢిల్లీలో సెర్వాంతెస్ సంస్థ కేంద్రం ఉంది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో పాఠశాలలో రెండో భాషగా స్పానిష్‌ను ఎంచుకునేవారు ఎందరో. వారికి పైన చెప్పిన 38 రచనల జాబితా చేతికందేంత దూరంలో ఉంది.

భారతదేశంతో స్పానిష్ సాహిత్య సంబంధం అంతకన్నా పాతది. సెనోబియా కాంప్రుబీ 1915లో రవీంద్రుడి 'నెలవంక'ను స్పానిష్‌లోకి తెచ్చింది. ఆమె భర్త, కవి హువాన్ రామోన్ హిమేనెస్ ఆ అనువాదాలకు తుదిమెరుగులు దిద్దాడు. 1956లో అతనికి నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే ఆమె మరణించింది. 1924లో జబ్బుపడిన రవీంద్రుడికి అర్జెంటీనా రచయిత్రి విక్తోరియా ఓకాంపో ఆతిథ్యమిచ్చింది. ఆయన తన 'పూరబి' కవితా సంపుటిని 'విజయ' పేరుతో ఆమెకు అంకితమిచ్చాడు. 1962 నుంచి మెక్సికో రాయబారిగా ఢిల్లీలో ఉన్న ఒక్తావియో పాస్, 1968 అక్టోబరు 2న మెక్సికో నగరంలో విద్యార్థులపై జరిగిన కాల్పులకు నిరసనగా పదవి వదులుకున్నాడు. భారతదేశం మీద అతడు రాసిన కవితలు, వ్యాసాలు భారతీయ విద్యార్థికి మంచి ప్రవేశద్వారం. తెలిసిన ప్రదేశాన్ని తెలియని భాషలో చదివినప్పుడు భాష మీదే దృష్టి నిలుస్తుంది.

వరుస ఇలా ఉంటే మేలు

• బీ1 దాటినవారికి: మఫాల్దా బొమ్మల కథలు, మోంతెర్రోసో చిట్టికథలు, ఎక్స్-వోతోల రాతలు.
• బీ2లో ఉన్నవారికి: రూల్ఫో, మార్క్వెజ్, కొర్తాసార్ చిన్న కథలు, గెర్నీకా, రివేరా కుడ్యచిత్రాల వర్ణన.
• సీ1కు సిద్ధమయ్యేవారికి: మార్క్వెజ్ 'ముందే తెలిసిన చావు కథ' (1981), లోర్కా నాటకాలు, గోయా ముద్రణాచిత్రాల మీది వ్యాఖ్యలు.
• సీ2 కోరుకునేవారికి: దోన్ కిహోతె ఎంపిక చేసిన అధ్యాయాలు, బోర్హెస్, అర్గేదాస్.

లాభం, జాగ్రత్త

ఈ దారిలో నేర్చినవారికి దక్కే ఫలితం పరీక్షా ధ్రువపత్రానికి పరిమితం కాదు. అనువాదం, దుబాసీ పని, ఉపశీర్షికల రచన, ఆసుపత్రుల్లో రోగుల తరఫున మాట్లాడటం వంటి పనుల్లో యంత్రం మాటను మార్చగలదు గానీ, వృద్ధురాలైన రోగిని 'తూ' అనాలో 'ఉస్తెద్' అనాలో, మౌనం అంగీకారమో అభిమానమో పోల్చుకునే పని మనిషికే మిగిలింది. అలాగని సాహిత్య భాషను యథాతథంగా సంభాషణలోకి దించకూడదు. దోన్ కిహోతె మాటలతో కాఫీ అడిగితే వినేవారు నవ్వుతారు. ప్రసిద్ధ రచయితల జాబితాలో పురుషులే ఎక్కువగా కనిపిస్తారు కాబట్టి, పురుషుల ద్వంద్వనీతిని పదిహేడో శతాబ్దంలోనే పద్యంలో ఎండగట్టిన మెక్సికో సన్యాసిని సోర్ హువానా వంటివారిని వెతికి చదవాలి. ఆమె బొమ్మ నేడు మెక్సికో వంద పెసోల నోటు మీద ఉంది.

అన్ని దేశాలనూ ఒకేసారి పట్టుకోవాలనుకుంటే ఏదీ అందదు. ముందుగా ఒక దేశాన్ని ఎంచుకొని, ఆ దేశపు ఒక కథ, ఒక చిత్రం, ఒక పాట పక్కపక్కన పెట్టుకోవాలి. కథను మొదటిసారి నిఘంటువు లేకుండా, రెండోసారి నిఘంటువుతో, మూడోసారి గొంతెత్తి చదవాలి. ఆ పైన అదే కథను అందులోని మరో పాత్ర నోటితో తిరగరాయాలి. వ్యాకరణ పుస్తకాన్ని అటకెక్కించనక్కర్లేదు, దాని పక్కన ఒక కథల సంపుటికి చోటిస్తే చాలు. బీ2 ధ్రువపత్రం చేతికొచ్చినవారు మరో పదజాల పట్టిక కొనడం మాని, రూల్ఫో కథల పుస్తకం తెరవాలి.